చున్నీ చాటున దాచకు బిడ్డా

చంకల్లో చెమటకు సూది వేయించుకోవచ్చా పెద్దమ్మా అని రాత్రి మెసేజ్ పెట్టి, నేను జవాబు రాసేలోపే తీసేశావు. అప్పటికే చదివేశాను బిడ్డా. తీసేయాల్సినంత తప్పు మాటేమీ కాదది. ఫోన్ చేస్తే ‘ఏం లేదులే పెద్దమ్మా’ అని మాట మారుస్తావని తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాను. హాస్టల్లో ఎవరూ తొంగిచూడనప్పుడు తీరిగ్గా చదువుకో.

నువ్వు చెప్పకపోయినా నేను కొన్నాళ్లుగా గమనిస్తూనే ఉన్నాను. ఆదివారం అశోక్‌నగర్ హాస్టల్ నుంచి అంబర్‌పేట్‌లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నీ ఒంటి మీద నలుపో ముదురు నీలమో తప్ప వేరే రంగు కనబడదు. నడి ఎండాకాలంలో కూడా లోపల ఇంకో బనీను, పైన రెండు భుజాలూ కప్పేలా చున్నీ. అటక మీది డబ్బా అందుకోమంటే చెయ్యెత్తాల్సి వస్తుందని తమ్ముణ్ణి పిలుస్తావు. మొన్న నువ్వు విడిచిన కుర్తా ఉతకడానికి తీస్తే చంక దగ్గర బట్ట గట్టిపడిపోయి ఉంది. నలుపు మీద తెల్లటి ఉప్పు గీతలు, ఒకదాని వెలుపల ఒకటి. పొద్దున తడిసి ఆరి, మధ్యాహ్నం తడిసి ఆరి, సాయంత్రం మళ్లీ తడిసిందన్నమాట. నా ప్రాణం ఉసూరుమంది. నీ అంతట నువ్వే చెబుతావులే అని ఊరుకున్నాను. ఇప్పుడు అడిగావు కాబట్టి తెలిసిందంతా చెబుతాను.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఈ బాధతో వచ్చినవాళ్లను చూశాను. ఎవరూ దీనికోసమే వచ్చామని చెప్పేవాళ్లు కాదు. దగ్గుకో దురదకో చూపించుకుని, డాక్టరుగారు చీటీ రాసిచ్చాక తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ‘ఇంకొక్క మాట సార్’ అనేవాళ్లు. ఆ ఒక్క మాటే వాళ్ల అసలు జబ్బు. నువ్వు డాక్టరు ముందు కూర్చోగానే మొట్టమొదట ఆ మాటే చెప్పాలి.

దీనికి వైద్యంలో పేరుంది. హైపర్‌హైడ్రోసిస్ అంటారు. శుభ్రత లేక వచ్చేది కాదు, భయస్తులకు మాత్రమే వచ్చేదీ కాదు. మనిషి ఒంట్లో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతే అవి చెమట పోస్తాయి. నీలాంటివాళ్లలో గ్రంథులు ఎక్కువేమీ ఉండవు, పాడైపోయీ ఉండవు. నరాల నుంచి వచ్చే ఆ ఆజ్ఞే అవసరాన్ని మించి వస్తుంది. అందుకే డిసెంబరులో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఫ్యాను కింద కదలకుండా కూర్చుని చదువుకుంటున్నా నీకు చంకలు తడిసిపోతాయి.

డాక్టర్లు దీన్ని పోల్చుకోవడానికి కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. పైకి కారణమేదీ లేకుండా ఆరు నెలలకు మించి ఎక్కువ చెమట పట్టడం మొదటిది, అది ఉండి తీరాలి. దానికి తోడు రెండు వైపులా సమానంగా పట్టడం, వారానికి ఒక్కసారైనా రావడం, 25 ఏళ్లలోపే మొదలవడం, రోజువారీ పనులకు అడ్డం కావడం, ఇంట్లో ఇంకొకరికి ఉండడం, నిద్రలో ఆగిపోవడం, వీటిలో రెండు ఉన్నా చాలు. ఇంట్లో ఇంకొకరు ఎవరంటావేమో, మీ తాతయ్య. ఆయన భుజం మీద తువ్వాలు ఎన్నడూ దిగేది కాదు. బ్యాంకు ఫారం మీద సంతకం పెడితే అరచేతి తడికి సిరా అలుక్కుపోయేది. ఒంట్లో వేడి అనుకుని జీవితమంతా మజ్జిగ తాగుతూ గడిపేశాడు పాపం. ఆయన కాలంలో చెప్పేవాళ్లు లేరు. నీకు ఆ లోటు లేదు.

నిద్రలో ఆగిపోతుందన్నాను చూడు, ఆ ఒక్క గుర్తునూ నువ్వు జాగ్రత్తగా గమనించుకోవాలి. రాత్రిపూట దిండు, దుప్పటి తడిసేలా చెమట పడుతుంటే అది ఈ జబ్బు కాదు. సాయంత్రం సన్నటి జ్వరం, తగ్గిపోతున్న బరువు, పోని దగ్గు కూడా తోడైతే క్షయకు పరీక్ష చేయించాలి. సర్కారు ఆసుపత్రుల్లో ఆ పరీక్ష, మందులు ఉచితం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా చెమట పడుతుంది, గుండె దడ, చేతి వణుకు ఉంటాయి. షుగరు మందులు వేసుకునేవాళ్లకు షుగరు పడిపోయినప్పుడు పడుతుంది. దిగులుకు డాక్టర్లు రాసే కొన్ని మాత్రల వల్లా పడుతుంది. మీ హాస్టల్లో పిల్లలు ఒకరి మాత్రలు ఒకరు వేసుకుంటారని నువ్వే అన్నావు ఒకసారి. అలాంటివి ఏమైనా మింగుతుంటే దాచకుండా చెప్పు. సూది మాట ఎత్తకముందే ఇవన్నీ కావని తేల్చుకోవడం డాక్టరు పని. ఏమీ అడక్కుండా, రక్తపరీక్ష ఊసెత్తకుండా నేరుగా సూది రేటు చెప్పేచోట కూర్చోకు, లేచి వచ్చెయ్.

వాసన సంగతి కూడా చెబుతాను, నిన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసేది అదే అనుకుంటా. అప్పుడే పుట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు. చంకల్లో ఇంకో రకం గ్రంథులు ఉంటాయి, వాటి నుంచి వచ్చే చిక్కటి ద్రవాన్ని చర్మం మీది బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు వాసన పుడుతుంది. చెమట ధారగా పట్టేవాళ్లందరికీ వాసన రాదు, వాసన వచ్చేవాళ్లందరికీ చెమట ఎక్కువ ఉండదు. నీ దగ్గర నాకెప్పుడూ వాసన రాలేదు. పెద్దమ్మను కాబట్టి అంటున్నా అనుకోకు, వార్డుల్లో తిరిగిన ముక్కు ఇది, నిజమే చెబుతోంది.

ఇక మందుల వరస. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అంటారు కదా, ముందు గోటితో ప్రయత్నించు. నువ్వు కొనే బాడీ స్ప్రేలు చాలావరకు వాసనను కప్పేవే కానీ చెమటను ఆపేవి కావు. చెమటను ఆపేది అల్యూమినియం లవణం. మన ముసలమ్మలు స్నానమయ్యాక చంకలో పటిక రుద్దుకునేవాళ్లు. పటికలో ఉన్నదీ అల్యూమినియమే, దాని బలం తక్కువ. డాక్టర్లు రాసేది అల్యూమినియం క్లోరైడ్, చంకలకు సాధారణంగా 20 శాతం దాకా రాస్తారు. రాత్రి పడుకోబోయే ముందు చంకలను పూర్తిగా ఆరనిచ్చి రాసుకుని, పొద్దున కడిగేసుకోవాలి. పొద్దున స్నానం చేసి హడావిడిగా రాసుకుని క్లాసుకు పరిగెత్తితే లాభం లేదు. రాత్రి చెమట తగ్గి ఉన్నప్పుడే మందు గ్రంథి మూతిలోకి దిగి దాన్ని మూసేస్తుంది. తడి మీద రాసినా, షేవింగ్ చేసుకున్న వెంటనే రాసినా భగ్గుమని మండుతుంది. చాలామంది ఆ మంటకు భయపడి రెండో రోజే మానేసి ‘పనిచేయలేదు’ అంటారు. కొన్నాళ్లు రోజూ రాసి, తగ్గాక వారానికి ఒకటి రెండు రాత్రులకు దించుకోవచ్చు. చర్మం ఎర్రబడితే ఆపి డాక్టరుకు చూపించు. నిమ్మకాయ, వంటసోడా లాంటివి మాత్రం చంక దగ్గరికి రానివ్వకు. ఆ చర్మం పల్చన, కాలిపోతుంది.

దాన్ని పద్ధతిగా వాడినా లొంగకపోతేనే సూది. సిగ్గుపడాల్సినంత, భయపడాల్సినంత విషయం అందులో లేదు. ఆ మందు పేరు బొట్యులినం టాక్సిన్. ముఖం ముడతలకు సినిమావాళ్లు వేయించుకుంటారని నువ్వు విన్న బొటాక్స్ ఇదే. విషమే, నిజం. పాడైన మాంసంలో, సరిగా మరగబెట్టని డబ్బా తిండిలో పెరిగే బ్యాక్టీరియా నుంచి పుట్టేది. 1820ల్లో జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు, ఆయన కవి కూడా, ఆ తిండి తిన్న రోగులను పరిశీలించి వాళ్లకు చెమట, లాలాజలం, కన్నీళ్లు ఆగిపోతున్నాయని రాశాడు. కొద్ది మోతాదులో ఇది మందవుతుందేమోనని కూడా అప్పుడే ఊహించాడు. ఆ బ్యాక్టీరియాను 1897లో బెల్జియం శాస్త్రవేత్త వాన్ ఎర్మెంగెమ్ బయటపెట్టాడు. తరవాత ఆ విషాన్ని శుద్ధిచేసి మెల్లకన్నుకు, రెప్పలు వాటంతట అవే మూసుకుపోయే జబ్బుకు వాడడం మొదలైంది, 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముఖం ఒకవైపు అదిరే రోగులకు ఈ సూది వేస్తే ఆ వైపు చెమట పట్టడం లేదని 1990ల్లో డాక్టర్లు గమనించారు. అక్కడి నుంచి చంకలకు వచ్చింది. చంకల చెమటకు అమెరికాలో 2004లో అనుమతించారు. కెర్నర్ ఊహ నిజం కావడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టిందన్నమాట.

ఇది చేసే పని చాలా చిన్నది. నరం చివర ఎసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా ఆపుతుంది. వీధి చివర వాల్వు కట్టేస్తే ఇంట్లో కొళాయి బాగున్నా నీళ్లు రావు చూడు, అలాగ. గ్రంథి అక్కడే ఉంటుంది, దానికి ఆజ్ఞ అందదు. కొన్ని నెలలకు నరం మళ్లీ కోలుకుంటుంది, చెమట తిరిగి వస్తుంది. చెమట ఆగితే ఒంట్లో వేడి ఎక్కడికి పోతుందని నువ్వు అడుగుతావు. ఒంట్లో ఉన్న చెమట గ్రంథుల్లో చంకలవి నూటికి రెండు కూడా ఉండవు. మిగతా ఒళ్లంతా తన పని తాను చేస్తూనే ఉంటుంది.

సూదికి ముందు ఒక పరీక్ష చేస్తారు. అది చూస్తే నీకు సగం బెంగ తీరుతుంది. ముందురోజు నుంచి డియోడరెంట్ మానమంటారు. కాసేపు నిన్ను కూర్చోబెట్టి, వేడి టీ అవీ ఇవ్వకుండా, చంకను తుడిచి అయోడిన్ పూస్తారు. ఆరాక పైన తెల్లటి గంజిపిండి చల్లుతారు. పది నిమిషాల్లో చెమట పట్టే చోటల్లా పొడి ముదురు నీలంగా, నల్లగా మారుతుంది. అంచులు తిన్నగా ఉండవు. ఒకవైపు చిన్నగా, ఇంకోవైపు భుజం దాకా పాకినట్టు ఉండొచ్చు. చుట్టూ పెన్నుతో గీత గీసి, దాని లోపలే సూదులు వేస్తారు. అయోడిన్ పడదని తెలిస్తే ముందే చెప్పాలి.

సూదులు ఒక్కో చంకకు 10 నుంచి 15 దాకా ఉంటాయి, సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల దూరంలో. సన్నటి సూది, ఇన్సులిన్ సూదంత. కండలోకి దిగదు, చర్మం పొరల్లోనే ఆగుతుంది. దోమ కుట్టినట్టు చిన్న చిన్న బుడిపెలు లేచి కాసేపటికి అణిగిపోతాయి. నొప్పి ఉండదని అబద్ధం చెప్పను, చురుక్కుమంటుంది. మత్తు క్రీము ముందే రాయమనో, ఐసు పెట్టమనో అడుగు, చంకలో అది చాలు. అరచేతుల్లో అయితే ఈ సూది బాగా బాధపెడుతుంది. వేయించుకుని లేచి నడుచుకుంటూ హాస్టలుకు వెళ్లిపోవచ్చు. కొన్ని రోజుల్లో తడి తగ్గడం మొదలై, రెండు వారాలకు పూర్తి గుణం తెలుస్తుంది. ఆరేడు నెలలు నిలుస్తుంది, కొందరికి తక్కువ, కొందరికి ఏడాది దగ్గరదాకా. 320 మంది మీద జరిపిన పరీక్ష ఫలితం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మందు పడ్డవాళ్లలో 94 శాతానికి నాలుగు వారాల్లో చెమట సగానికి పైగా తగ్గింది. మందు లేని ఉత్త సూది పడ్డవాళ్లలోనూ 36 శాతానికి తగ్గింది. ఆ రెండో అంకె కూడా గుర్తుంచుకో. చెమట రోజుకో తీరుగా ఉంటుంది, మనసు కుదుటపడినా కొంత తగ్గుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. సూది పడ్డచోట కందడం, నొప్పి కొద్దిరోజులు ఉంటాయి. కొందరికి వేరేచోట కొంచెం చెమట పెరిగినట్టు అనిపిస్తుంది. చెయ్యి బలహీనంగా అనిపించడం అరుదు. మింగడం, ఊపిరి తీయడం, మాట్లాడడం కష్టమైతే మాత్రం ఆలోచించకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి, అది చాలా చాలా అరుదైనా సరే. కండరాలు నీరసించే మయస్తీనియా లాంటి జబ్బు ఉన్నవాళ్లకు ఇది వద్దు. కడుపుతో ఉన్నవాళ్లూ, పాలిచ్చే తల్లులూ ఆగాలి. చంకలో సెగ్గడ్డ గానీ పుండు గానీ ఉంటే అది మానాకే. అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ సూదులు నడుస్తుంటే చెప్పాలి. ఆవుపాలు పడనివాళ్లకు కొన్ని బ్రాండ్లు పనికిరావు.

మందు కన్నా నాకు భయమున్నది వేసే చేతుల గురించి. నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ దాకా నడిస్తే చర్మం, జుట్టు, బరువు అంటూ ఎన్ని బోర్డులో నీకే తెలుసు. వాటిలో మంచి డాక్టర్లున్నారు, డాక్టరు ముఖమే కనబడని గదులూ ఉన్నాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ, కాబట్టి నువ్వు వినడానికి కాదు, అడగడానికి వెళ్లు. సూది వేసేది ఎవరు? చర్మవైద్యంలో ఎండీనో డిప్లొమానో ఉన్న డాక్టరే స్వయంగా వేస్తారా? డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ చీటీ మీదా ఉండాలి, అది నియమం. మందు ఏ బ్రాండు, ఎన్ని యూనిట్లు? మామూలు బొటాక్స్ అయితే ఒక్కో చంకకు 50 యూనిట్లు, రెండూ కలిపి 100, అంటే 100 యూనిట్ల వయల్ అయితే పూర్తిగా ఒకటి. వేరే బ్రాండ్ల యూనిట్లు వేరే లెక్క, అంకె చూసి ఇది ఎక్కువ అది తక్కువ అనుకోకు. పొడిగా వచ్చే మందు, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, సెలైన్ కలిపి వాడాలి. సీలు నీ కళ్లముందు తీయమను, గడువు తేదీ చూడు, స్టిక్కరు నీ ఫైల్లో అంటించమను. ‘ఇద్దరు కలిసి వస్తే ఒకే వయల్‌తో సగం ధర’ అన్నారంటే నవ్వి బయటికి వచ్చెయ్. బ్యూటీ పార్లర్లో ఈ సూది వద్దే వద్దు.

ఖర్చు వేలల్లో ఉంటుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు మళ్లీ ఉంటుంది. ఇన్సూరెన్సువాళ్లు అందం కోసమని తోసిపుచ్చవచ్చు, ముందే రాతపూర్వకంగా అడుగు. వాయిదాల మీద చేయిస్తామనే చోట సంతకం పెట్టకు. కోచింగ్ ఫీజులోంచి, మెస్ బిల్లులోంచి తీసి కట్టాలనీ చూడకు. డాక్టరు అవసరమంటే మొదటిసారి ఖర్చు నాది. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మిగతా దారులు క్లుప్తంగా చెబుతా. గ్లైకోపైరొలేట్ లాంటి మాత్రలు ఉన్నాయి, ఒళ్లంతా ఆరబెడతాయి, నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. హైదరాబాద్ మే నెలలో చెమట పూర్తిగా ఆగడం మంచిది కాదు, వడదెబ్బ భయం. ఛాతీలో నరం కత్తిరించే ఆపరేషన్ గురించి ఎవరైనా చెబితే చంకల కోసం ఒప్పుకోకు. తరవాత వీపు, పొట్ట మీద ధారాపాతంగా చెమట పట్టి జీవితాంతం బాధపడేవాళ్లున్నారు, దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. మైక్రోవేవ్‌తో గ్రంథులను శాశ్వతంగా కాల్చే పద్ధతి ఒకటుంది, ఇప్పుడే నీకెందుకు.

ఇంకో సంగతి. నువ్వు రాయబోయే పరీక్షకు ముందురోజు వెళ్లి సూది వేయించుకోకు, కనీసం రెండు మూడు వారాల ముందు అయితే గుణం తెలుస్తుంది, ఏదైనా తేడా వచ్చినా చూపించుకోవడానికి టైముంటుంది. పెళ్లిచూపులకని, అత్తగారింటివాళ్లేమంటారోనని అసలు వేయించుకోకు. మీ పిన్ని అలాంటిదేదో అన్నదని నాకు తెలుసు, ఆ మాట పట్టించుకోకు. క్లాసులో సందేహం వస్తే చెయ్యెత్తడానికి, లైబ్రరీలో పై అరలో పుస్తకం అందుకోవడానికి, నీకు నచ్చిన లేత పసుపు కుర్తా వేసుకోవడానికి కావాలంటే తప్పక వేయించుకో. అది విలాసం కాదు, తలనొప్పికి మాత్ర వేసుకున్నంత మామూలు హక్కు.

నీ చెమట ఎంతన్నది నువ్వే ఒక అంకె వేసుకుని రా. ఎప్పుడూ గుర్తుకే రానంత అయితే ఒకటి, ఉన్నా ఓర్చుకోగలిగేదయితే రెండు, ఓర్చుకోవడం కష్టమై తరచూ పనికి అడ్డొస్తే మూడు, అస్సలు భరించలేనిదయితే నాలుగు. డాక్టర్లు వాడే కొలతే ఇది. నిజాయితీగా వెయ్యి, నాకోసం తగ్గించకు.

సోమవారం పొద్దున ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళదాం, మీ హాస్టలుకు దగ్గరే. క్యూ ఉంటుంది కాబట్టి పుస్తకం తెచ్చుకో. నేను తిన్నగా అక్కడికే వస్తాను. డియోడరెంట్ ఏదీ రాసుకోకుండా, వదులు చేతుల కుర్తా వేసుకుని రా, చూపించడం సులువవుతుంది. పోయినసారి చేయించిన థైరాయిడ్ రిపోర్టు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు ఏవైనా ఉంటే వాటి ఖాళీ స్ట్రిప్పులు కూడా సంచిలో పెట్టుకో.